పుస్తకంలోంచి వచ్చిన పాదాలు

గువ్వా గువ్వా గూటికి రావే
గుప్పెడు జొన్నలు పెడతాను...

ఈ రెండు ముక్కల తర్వాత పాట ఈశ్వరమ్మకి గుర్తొచ్చేది కాదు. కర్నూలు అవతల, తుంగభద్ర ఒడ్డు చేలల్లో కలుపు తీసేటప్పుడు ఒక వరుస ఆడవాళ్ళు గువ్వని పిలిచేవాళ్ళు. ఎదురు వరుస వాళ్ళు గువ్వ తరఫున జవాబు పాడేవాళ్ళు. ఎనిమిదేళ్ళ ఈశ్వరమ్మ ఎప్పుడూ పిలిచే వరుసలోనే వంగి ఉండేది. అందుకే పిలుపు మిగిలింది, జవాబు పోయింది. ఆ వరుసలో వంగి అరవై ఏళ్ళకి పైగా అయినా, సముద్రాల అవతల స్కార్‌బరోలో అల్లుడి ఇంట్లో పొద్దున్నే ఉల్లిపాయలు తరిగేటప్పుడు ఆ సగం పాట దానంతట అదే నోట్లోకి వచ్చేది. పాడి, ఆగి, ఎవరైనా అందుకుంటారేమో అన్నట్టు ఒక క్షణం చూసి, మళ్ళీ కత్తి అందుకునేది.

ఆ ఇంట్లో పొద్దు ఐదింటికే మొదలయ్యేది. కింద బేస్‌మెంట్‌లో రెండు పెద్ద పొయ్యిలు. అక్కడ వండిన పప్పూ కూరలూ అల్లుడు సాయి కిరణ్ రెస్టారెంట్‌కి వ్యాన్‌లో పోయేవి. వండేది నిఖిల. ఇరవై నాలుగేళ్ళ పిల్ల, గద్వాల నుంచి చదువుకోవడానికి వచ్చింది. చదువైపోయాక వర్క్ పర్మిట్ సాయి కిరణ్ పేరు మీద వచ్చింది. అంటే ఆయన దగ్గర తప్ప ఇంకెక్కడా పని చేయకూడదు. కాగితాల్లో ఆమె సూపర్‌వైజర్. బేస్‌మెంట్‌లో మాత్రం పొద్దున ఐదు నుంచి ఒంటిగంట దాకా వంట, సాయంత్రం నాలుగు నుంచి రెస్టారెంట్ మూసేదాకా గిన్నెలు. పడుకునేది కూడా ఆ పొయ్యిల పక్క గదిలోనే.

సాయి కిరణ్ గొంతు పెంచి ఎరగడు. అదే ఈశ్వరమ్మకి భయం. అరిచే మనిషైతే ఎప్పుడో ఒకప్పుడు అలిసిపోతాడు. ఇతను నవ్వుతూ, "మనం ఫ్యామిలీ కదా" అనేవాడు. ఆ మాట వినిపించినప్పుడల్లా నిఖిల భుజాలు ఒక అంగుళం దిగేవి.

నిఖిల పాస్‌పోర్ట్ దేవుడి దగ్గర ఉంది.

దేవుడి దగ్గర పెట్టమనే మాట మొదట అన్నది ఈశ్వరమ్మే. నాలుగేళ్ళ కింద మొట్టమొదటి అమ్మాయి పనికి వచ్చినప్పుడు, "పాస్‌పోర్ట్ దేవుడి దగ్గర పెట్టు తల్లీ, పర్మిట్ తొందరగా వస్తుంది" అంది. మనవాళ్ళు హాల్ టికెట్ అయినా, ఇంటి కాగితాలైనా ఒకసారి దేవుడి ముందు పెట్టి తీసుకుంటారు కదా, అట్లా. మూలలకి పసుపు రాసి, వెంకటేశ్వర స్వామి పటం కింద స్టీలు డబ్బాలో పెట్టింది. ఆ తర్వాత తీసుకోవడం అనేది జరగలేదు. అడిగితే సాయి కిరణ్ నవ్వి, "దేవుడి దగ్గర ఉంది కదమ్మా, ఇంకేం భయం?" అనేవాడు. ఆ డబ్బాకి తాళం లేదు. ఉన్నా అంత బాగా పనిచేసేది కాదు.

ఆ మొదటి అమ్మాయి ఒక పొద్దున చెప్పకుండా బస్సెక్కి వెళ్ళిపోయింది. సాయి కిరణ్ వ్యాన్ వేసుకుని వెళ్ళి నాలుగింటికల్లా వెంటబెట్టుకొచ్చాడు. కాఫీ కూడా కొని చేతిలో పెట్టాడు. పిల్ల కాఫీ తాగకుండా పట్టుకుని నిలబడింది. ఆ వారమే ఆమెని ఎక్కడో ఉత్తరాన, హైవే పక్కన, బస్సులు పోని చోట ఉన్న మోటెల్ వంటగదికి పంపేశాడు. ఆ తర్వాత ఆమె గొంతు ఈ ఇంట్లో ఎవరూ ఫోన్‌లో కూడా వినలేదు.

*

ఈశ్వరమ్మకి అక్షరాలు ముప్పై తొమ్మిదో ఏట వచ్చాయి, ఊళ్ళో వయోజనుల బడిలో, పలక ఒళ్ళో పెట్టుకుని. అంత ఆలస్యంగా నేర్చుకున్నవాళ్ళకి ఒక ఇబ్బంది ఉంటుంది. పెదాలు కదపకుండా చదవలేరు. అక్షరం కంటికి కనపడగానే గొంతులోకి దిగాలి, బయటికి రావాలి, చెవికి వినపడాలి, అప్పుడే అది మాట. మందు సీసా మీద రాసింది కూడా ఆమె గట్టిగా చదివేది. డెబ్భై దాటాక మనవరాలు ఇషిత పాత పుస్తకాలతో ఇంగ్లీషు అక్షరాలు పట్టుకున్నప్పుడూ అంతే.

"అమ్మమ్మా, ఇన్‌సైడ్ వాయిస్ ప్లీజ్" అనేది పన్నెండేళ్ళ ఇషిత.

"లోపల గొంతు ఇంకోటి ఉంటుందా నాకు? ఉండేది ఒకటే" అనేది ఈశ్వరమ్మ.

పార్కు మూల మీద ఒక గుంజకి పిట్టగూడులాంటి చెక్కపెట్టె ఉంది. చదివేసిన పుస్తకాలు జనం అందులో పెడతారు, కావలసినవాళ్ళు తీసుకుపోతారు. ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం ఈశ్వరమ్మ అందులోంచి ఒక పుస్తకం తెచ్చుకుంది. ఆకుపచ్చ గుడ్డ అట్ట, వీపు చిట్లిపోయి దారాలు కనిపిస్తున్నాయి. ఎప్పుడో ఏ లైబ్రరీదో ముద్ర, దాని మీద కొట్టివేత. అక్షరాలు పెద్దవి, అందుకే తెచ్చుకుంది. లోపల ఒక బొమ్మ. మట్టి గోడ, గోడలో మూడు కిటికీలు, కిటికీకి ఒకటి చొప్పున మూడు గంటలు.

మధ్యాహ్నం రెండింటికి నిఖిలకి కాస్త తీరిక. పై వంటగదిలో బల్ల దగ్గర కూచుని అన్నం తినేది. ఆ రోజు పుస్తకం తిప్పి చూసింది.

"అవ్వా, ఇది హిస్టరీ బుక్. కాలిఫోర్నియా కదా, అక్కడ స్పెయిన్ నుంచి వచ్చిన ఫాదర్లు కట్టిన మిషన్ గురించి. మొదటి యాభై అరవై ఏండ్లు ఏం జరిగిందో రాసిండ్రు."

"మిషనంటే చర్చినా?"

"చర్చి ఉంటది. చుట్టూ పొలాలు, పశువులు, నేత, వంటశాల, అన్నీ ఉంటయి. అక్కడ ముందు నుంచీ ఉన్న మనుషులని లోపలికి పిలిచి, గంజి పోసి, నీళ్ళు చల్లి కొత్త పేరు పెడ్తరు. ఆ తర్వాత గంట కొడితే లేవాలె, గంట కొడితే పని, గంట కొడితే పండుకోవాలె."

"ఇంటికి పోవాలంటే?"

నిఖిల కొంచెంసేపు చదివింది, కళ్ళతో. "పేరు పెట్టినంక పోనియ్యరంట" అంది. తర్వాత అన్నం కలపడం మర్చిపోయింది.

ఆ రోజు నుంచి అదే పాఠం. ఈశ్వరమ్మ వేలు పెట్టి ఒక్కో అక్షరం గట్టిగా కూడబలుక్కుంటూ చదివేది. నిఖిల అర్థం చెప్పేది, మధ్యలో వెక్కిరించేది. "అవ్వా, నీ చదువు వినీ వినీ పక్కింటి కుక్కకు కూడా ఇంగ్లీష్ వచ్చేస్తుందే."

"రానీలే. ఇంటర్వ్యూకి పోతుంది."

ఈశ్వరమ్మ చదివిన మనుషులు పుస్తకంలోంచి వచ్చి నడిచేవాళ్ళు. మనుషులు కనపడరు, అడుగులే. మొదటి రోజు ఇద్దరు ఫాదర్లు. వాళ్ళ చెప్పుల గుర్తులు పుస్తకాల అలమర కింద నుంచి మొదలై, వంటగది నేల మీదుగా పక్క తలుపు దాకా ఎండిన మట్టితో వచ్చాయి. పని నుంచి వచ్చిన కూతురు పద్మిని వాటిని దాటుకుంటూ, "ఎవరొచ్చారమ్మా?" అంది.

"పుస్తకంలో వాళ్ళు."

"తుడిచేటప్పుడు వేణ్ణీళ్ళు వాడు. మట్టి జిగటగా ఉంది" అంది పద్మిని, టిఫిన్ బాక్సు సింకులో పెడుతూ. మర్నాడు సాయి కిరణ్ ఇంకో డోర్‌మ్యాట్ కొనుక్కొచ్చాడు. నిఖిల కళ్ళతో చదివినప్పుడు ఎవరూ వచ్చేవాళ్ళు కాదు. గొంతు తగిలితేనే వచ్చేవాళ్ళు.

పొలానికి పోయేవాళ్ళు నడిచారు. నీళ్ళు మోసేవాళ్ళు నడిచారు. అన్నీ ఉత్త పాదాలే. మంచుకాలంలో ఆ పాదాలు చూస్తే ఈశ్వరమ్మకి ప్రాణం ఉసూరుమనేది. తర్వాత ఒక రోజు రోసా వచ్చింది.

పుస్తకంలో ఆమెకి ఉన్నది నాలుగు వరుసలు. వయసు ఇరవై దాకా ఉంటుంది. ఫలానా రోజు నీళ్ళు చల్లి రోసా అని పేరు పెట్టారు. సొంత పేరు రాయలేదు. పారిపోయింది. తెచ్చారు. మళ్ళీ పారిపోయింది. తెచ్చారు.

"పారిపోయింది" దాకా ఈశ్వరమ్మ చదవగానే, ఎడమ కాలికి చిటికెన వేలు లేని ఒక చిన్న పాదం అలమర కింద నుంచి బయల్దేరింది. మడమ ఆనలేదు, మునివేళ్ళ గుర్తులే. అంత తొందర. తలుపు దాటి పోయింది. తర్వాతి మాట చదివింది. అప్పుడు బయటి నుంచి లోపలికి బూట్ల గుర్తులు వచ్చాయి, మేకులు కొట్టిన బూట్లు. ఒక్కో మేకూ నేల మీద నల్లగా దిగింది. ఇటు ఒక జత, అటు ఒక జత, మధ్యలో ఆ చిన్న పాదాలు. ఈసారి మడమలు ఈడ్చుకుంటూ.

ఈశ్వరమ్మ వేణ్ణీళ్ళు తెచ్చింది. ఆ బూట్ల మట్టి ఎంత రుద్దినా పోలేదు. సరిగ్గా నాలుగింటికి వ్యాన్ హారన్ మోగింది. నిఖిల కోటు వేసుకుని ఆ గుర్తుల పక్కగా నడిచి వెళ్ళిపోయింది. ఈశ్వరమ్మ మాప్ పట్టుకుని నిలబడి, ఆ పిల్ల మడమలు చూసింది. చూడకుండా ఉంటే బాగుండేదనుకుంది.

తర్వాత ఏదో ఒకటి మాట్లాడాలని, "మీ జేజికి, అదే మీ నాయనమ్మకి, పాటలొచ్చా పాపా? గువ్వా గువ్వా అని ఒక పాట ఉంది, నాకు జవాబు మర్చిపోయింది" అని అడిగింది ఇంకో రోజు.

"మాది ఏటికి ఇవతల, మీది అవతల. అదే పాట అయ్యుంటది. ఫోన్ చేసినప్పుడు అడుగుత" అంది నిఖిల. ఫోన్ చేసుకోవడానికి ఆమెకి ఆదివారం ఒక్క అరగంట దొరికేది.

*

ఏప్రిల్ మొదటి బుధవారం వాళ్ళు ఒక కొత్త పేజీకి వచ్చారు. ఆ వసంతంలో ఒక ఉదయం, గంట మోగకముందే, మిషన్‌లో వాళ్ళంతా లేచి రెల్లు గడ్డి చిత్తడి వైపు వెళ్ళిపోయారని అందులో ఉందట. ముసలివాళ్ళు, పిల్లలు, నడవలేనివాళ్ళు కూడా. నిఖిల ముందుగా కళ్ళతో చదివి చెప్పింది. ఆనందంగా పేజీ తిప్పింది. మొహం మారిపోయింది. పుస్తకం మూసేసింది.

"ఏముంది పాపా?"

"సోల్జర్లు" అంది. "ఇవాళ వద్దులే అవ్వా. ఈ పేజీ కూడా రేపు చదువుదాం."

ఆ సాయంత్రం సాయి కిరణ్ వ్యాన్ తాళం వేలికి తిప్పుకుంటూ, ఎప్పటి నవ్వుతోనే అన్నాడు. "నిఖిలా, శుక్రవారం పొద్దున బ్యాగ్ సర్దుకో. మోటెల్ దగ్గర హెల్ప్ కావాలట. క్లైమేట్ బాగుంటుంది, ఖర్చులుండవు. మనం ఫ్యామిలీ కదా."

గురువారం మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి నిఖిల మెట్లెక్కి వచ్చింది. అన్నం పెట్టుకోలేదు. చేతులు రెండూ చంకల్లో దోపుకుని నిలబడింది.

"అవ్వా, సాత్వికని నా క్లాస్‌మేట్ ఉంది, విండ్సర్‌ల. రమ్మంటున్నది. నాలాంటోళ్ళకి ఎక్కడన్న పని చేసుకునేటట్టు ఓపెన్ పర్మిట్ ఒకటి ఇస్తరంట, ఫ్రీగా అప్లై చేయించే లాయర్లు కూడా ఉన్నరంట. కానీ పాస్‌పోర్ట్ లేకుండా ఎట్ల పోను? పోతే బార్డర్ వాళ్ళకి ఫోన్ చేసి దేశం నుంచి పంపించేస్త అన్నడు సాయి కిరణన్న. మొదటి అక్కను తెచ్చినట్టు తెస్తడు."

ఈశ్వరమ్మ ఒకసారి చుట్టూ చూసింది. అల్లుడి ఇల్లు. కూతురి కాపురం. తన వీసా కాగితాలు కూడా ఆ అల్లుడి చేతిలోనే. అయినా కాళ్ళు వాటంతట అవే పూజ అలమర ముందుకి తీసుకుపోయాయి. తప్పు చేస్తున్నాను స్వామీ అనబోయి, ఏది తప్పో తేల్చుకోలేక ఊరుకుంది. డబ్బా మూత తీసింది. అంత తేలిగ్గా వస్తుందని ఇద్దరూ అనుకోలేదు. పసుపు అంటిన నిఖిల పాస్‌పోర్ట్. దాని కింద ఇంకొకటి. తెరిస్తే అందులో తన మొహమే ఉంది, బొట్టు పెట్టుకుని, ఏమీ తెలియనట్టు.

నిఖిలది నిఖిల చేతిలో పెట్టింది. తనది బొడ్లో దోపుకుంది.

"పో పాపా. రెండున్నర బస్సు ఉంది కదా."

నిఖిల పక్క తలుపు తీసింది. తీసి, అట్లాగే నిలబడిపోయింది. పొద్దున్నుంచి పడిన ఏప్రిల్ మంచు పెరడంతా, సందంతా, రోడ్డు అంచు దాకా తెల్లగా పరుచుకుని ఉంది. ఒక్క పిట్ట కాలు కూడా పడలేదు.

"అవ్వా, ఒక్క అడుగు పెడితే చాలు. ఏ బస్టాప్‌కు పోయిన్నో గీత గీసి చూపించినట్టు ఉంటది. మూడింటికే వస్తనన్నడు ఇయ్యాల."

ఈశ్వరమ్మ ఆ తెలుపు వైపు చూసింది. లోపలికి వెళ్ళి కళ్ళజోడు పెట్టుకుంది. పుస్తకం తెచ్చి గడప దగ్గర ముక్కాలిపీట మీద కూచుంది. నిన్న ఆపిన పేజీ తెరిచింది.

"నువ్వు బూట్లు కట్టుకో" అంది.

ఎప్పుడూ పక్కన నిఖిల వేలు ఉండేది, తప్పు పలికితే సరిదిద్దేది. ఇప్పుడు ఒక్కతే. మొదటి మాట రెండుసార్లు తప్పింది. మూడోసారి పలికింది. పుస్తకాల అలమర కింద మట్టి తడిగా మెరిసింది. ఒక పాదం. ఇంకో పాదం. ముసలి పాదాలు వేళ్ళు వంకర్లు పోయి. అరచేయంత పాదాలు పరుగు మీద. ఒంటి పాదం, పక్కన కర్ర గుంట. గొంతు పెరిగేకొద్దీ పాదాలు పెరిగాయి. పీట రెండు వైపులా ఒరుసుకుంటూ పోతుంటే చీర కుచ్చెళ్ళు కదిలాయి. గడప దాటి, మంచులోకి, ఎడమకి, కుడికి, పక్కింటి లాన్ మీదుగా, పార్కు వైపు, రెండు బస్టాప్‌ల వైపూ. తెల్లటి మంచు చూస్తుండగానే దమ్ము చేసిన మడిలాగా అయిపోయింది. వాటిల్లో ఎడమ కాలికి చిటికెన వేలు లేని పాదం ఒకటి నిఖిల బూటు పక్కనే ఒక క్షణం ఆగింది. ఈసారి మడమ పూర్తిగా ఆనించి.

నిఖిల లేచి, వంగి, ఈశ్వరమ్మ చెవిలో ఏదో చెప్పింది. చదువు ఆగితే నడక ఆగుతుంది. అందుకే ఈశ్వరమ్మ తలెత్తకుండా తల మాత్రం ఊపింది. మళ్ళీ చూసేసరికి గడప ఖాళీ. ఆ పాదాలన్నిటి మధ్య నిఖిల బూట్లు ఏవో చెప్పడం దేవుడి తరం కూడా కాదు.

*

సాయి కిరణ్ మూడింటికి వచ్చాడు. పెరడు చూసి, "అబ్బో, ఈరోజు చాలామందే పోయారే" అన్నాడు. బూట్లు డోర్‌మ్యాట్ మీద శుభ్రంగా తుడుచుకున్నాడు. బేస్‌మెంట్‌లోకి దిగాడు. ఎక్కి వచ్చాడు.

"నిఖిల ఏది అత్తమ్మా?"

"పోయింది నాయనా."

"వీళ్ళతోనా?"

"వీళ్ళతోనే."

అతను పూజ అలమర దగ్గరికి పోయి డబ్బా మూత ఎత్తి చూశాడు. మళ్ళీ పెట్టాడు. శబ్దం కాకుండా పెట్టాడు. ఈశ్వరమ్మ గుండె ఆ లేని శబ్దానికే అదిరింది. మళ్ళీ తలుపు దగ్గరికి వెళ్ళి ఎడమకి చూశాడు, కుడికి చూశాడు. ఏ దారిన వ్యాన్ తిప్పాలో తెలియలేదు. వచ్చి బల్ల దగ్గర కూచున్నాడు.

"సరే. టీ పెట్టండి. పోయినోళ్ళని ఎట్లాగూ వెనక్కి తెస్తారు కదా, ఆ బూట్లవాళ్ళు. అందరితో పాటే వస్తుంది."

పుస్తకం తీసుకుని పేజీ తిప్పాడు. పెద్ద చదువులు చదివినవాడు. ఆ పేజీని ఊపిరి రెండుసార్లు పీల్చేలోగా చదివేశాడు, కళ్ళతో. నేల వైపు చూశాడు. ఏమీ లేదు. మళ్ళీ చదివాడు. నేల అట్లాగే ఉంది. అతనికి నవ్వొచ్చింది.

"మర్చేపోయాను. మీరు చదివితేనే కదా వస్తారు." పుస్తకాన్ని బల్ల మీదుగా మెల్లగా ఆమె వైపు జరిపాడు. "చదవండి అత్తమ్మా."

"నాకు కళ్ళు మసకగా..."

"ఇప్పటిదాకా చదివారుగా. తొందరేం లేదు." టీ ఊదుకున్నాడు. "అన్నట్టు మీరు ఇక్కడ మా దగ్గర ఉండే సూపర్ వీసా ఎక్స్‌టెన్షన్ కూడా ఈ నెలే. పేపర్లు నేనే కదా పెట్టాలి. చదవండి."

ఈశ్వరమ్మ కళ్ళజోడు కొంగుతో తుడుచుకుంది. పేజీ మీద అక్షరాలు చీమల్లాగా పారుతున్నాయి. అబద్ధం చెప్పడం ఆమెకి చేతకాదు. చదివితే ఆ మేకుల బూట్లు వస్తాయి. రోసాని తెస్తాయి, కర్ర పట్టుకున్న ముసలాయన్ని తెస్తాయి, అరచేయంత పాదాల్ని తెస్తాయి. వాళ్ళ మధ్యలో, కాఫీ కప్పు పట్టుకుని, భుజాలు దిగిపోయిన ఒక పిల్లని తెస్తాయి.

మొదటి మాట మీద వేలు పెట్టింది. ఆ మాట ఆమెకి వచ్చు, నిఖిల ఒకసారి చూపించింది. సోల్జర్స్. కంటికి ఆనగానే అలవాటు ప్రకారం గొంతులోకి దూకింది. నాలుక లేచింది. ఈశ్వరమ్మ పళ్ళు బిగించింది. మాట పళ్ళ వెనక కొట్టుకుంది, చేపలాగా. పుస్తకాల అలమర కింద నేల మీద ఒక బూటు మడమ అంచు, మూడు మేకులు, నల్లగా దిగాయి. సగం బూటు. శబ్దం కోసం కాచుకున్నట్టు అక్కడే ఆగింది.

ఆమె ఆ మాటని మింగింది. వేడి ముద్దని మింగినట్టు. వేలు తర్వాతి మాటకి జరిపింది. ముప్పై తొమ్మిదో ఏట పంతులమ్మ ఎంత చెప్పినా రాని విద్య, మనవరాలు ఎంత నవ్వినా రాని విద్య. ఒక్కో మాట కంటిలోంచి లోపలికి పోయి, గొంతు దగ్గర దారి తప్పి, ఇంకా లోపలికి, ఎక్కడో తనకే తెలియని చీకటి గదిలోకి పోయి కూచుంది. పెదాలు ఒకదాన్నొకటి పట్టుకుని కదలలేదు. చెమట చెంపల మీదుగా కారింది. గోడ గడియారం చప్పుడు తప్ప వంటగదిలో ఇంకో చప్పుడు లేదు. అట్లా పై వరుస నుంచి కింది వరుస దాకా, ఒక్క మాటా వదలకుండా, మొదటిసారి, ఈశ్వరమ్మ ఒక పేజీని నిశ్శబ్దంగా చదివింది.

సగం బూటు ఆరిపోయి, పొడై, ఎండలో దుమ్ములాగా లేచిపోయింది.

"చదివినాను నాయనా" అంది.

"అంతా?"

"అంతా."

సాయి కిరణ్ నేల చూశాడు. ఫోన్ చూసుకున్నాడు. నాలుగయింది. నాలుగుంపావు అయింది. ఇషిత స్కూల్ నుంచి వచ్చి బ్యాగ్ కింద పడేసి, బురద మీద ఎగిరెగిరి దాటుకుంటూ, "దే డిడ్న్ట్ కమ్ బ్యాక్?" అంది.

"మిస్‌ప్రింట్ అయ్యుంటుంది" అన్నాడు వాళ్ళ నాన్న. వ్యాన్ వేసుకుని వెళ్ళాడు. అప్పటికి ఎండ వచ్చింది. ఏప్రిల్ మంచు ఎంతసేపు? రోడ్డంతా నీళ్ళు పారుతున్నాయి, ఆ నీళ్ళలో మట్టి కరిగి పోతోంది. చీకటి పడకముందే ఒక్కడే తిరిగొచ్చాడు.

ఆ సాయంత్రం ఈశ్వరమ్మ పుస్తకాన్ని పసుపు గుడ్డలో చుట్టి, మూడు ముళ్ళు వేసి, స్వామి పటం కింద స్టీలు డబ్బాలో పెట్టింది. సరిగ్గా పట్టింది. దేవుడి దగ్గర పెట్టినదాన్ని ఆ ఇంట్లో ఎవరూ అడగరు, ఎవరూ తీయరు. జూన్‌లో పనికి ఇంకో అమ్మాయి వచ్చింది. "పాస్‌పోర్ట్ దేవుడి దగ్గర పెట్టండత్తమ్మా" అన్నాడు సాయి కిరణ్.

"అక్కడ జాగా లేదు నాయనా" అంది ఈశ్వరమ్మ. మాట ఈసారి బయటికే వచ్చింది. "నీ దగ్గరే పెట్టుకో పాపా."

సాయి కిరణ్ నవ్వి వ్యాన్ తాళం అందుకున్నాడు. ఆ నవ్వంటే ఆమెకి ఇప్పటికీ భయమే. తన పాస్‌పోర్ట్ బొడ్లోనే ఉంటుంది, స్నానానికి పోయినా తలుపు వెనక కొక్కేనికి. వీసా కాగితాలు మాత్రం పద్మిని నింపి పంపింది. కూతురు ఇన్నాళ్ళూ నోరెత్తింది లేదు. ఒక రోజు గిన్నెలు తోముతూ, కుళాయి గట్టిగా తిప్పి, ఆ చప్పుడు కింద తల్లితో అంది. "విండ్సర్ చేరిందంటమ్మా. ఓపెన్ పర్మిట్ వచ్చిందంట." ఇంతే అని కుళాయి కట్టేసింది. నీకెట్లా తెలుసని ఈశ్వరమ్మ అడగలేదు.

నిఖిల నుంచి ఫోన్ రాలేదు. రాకూడదు కూడా. ఈశ్వరమ్మ పొద్దున్నే ఉల్లిపాయలు తరుగుతుంది. గువ్వని పిలిచే రెండు ముక్కలూ నోట్లోకి వస్తాయి. కానీ ఇప్పుడు పాట అక్కడ ఆగదు. పాదాలన్నీ ఒరుసుకుంటూ పోతున్నప్పుడు, చదువు ఆపలేక, తలెత్తలేక, ఆ పిల్ల మొహం కూడా చూసుకోలేక కూచున్నప్పుడు, బూట్ల తాళ్ళు ముడేసుకుని లేచి, వంగి, చల్లటి బుగ్గ తన బుగ్గకి ఆనించి నిఖిల చెప్పింది ఆమెకి ఒక్క మాటా పోలేదు.

"అవ్వా, జేజిని అడిగిన. గువ్వ జవాబు ఇదంట:

జొన్నలు పెడితే పెట్టావు గానీ
మబ్బులు ఎక్కడ పెడతావు?"